పెన్సిల్వేనియాలో నా గంజాయి కార్డు

సర్పి పొక్కులు మాడి, పొలుసులు రాలి, చర్మం మామూలు రంగుకు వచ్చాక కూడా నొప్పి పోలేదు. కుడివైపు పక్కటెముకల నుంచి వీపు దాకా జానెడు వెడల్పున ఒకటే మంట. చొక్కా తగిలితే చాలు, గరుకు కాగితంతో రుద్దినట్టు ఉండేది. రాత్రి అటు తిరిగి పడుకోలేను. సర్పి తలా తోకా కలిస్తే ప్రాణానికి ముప్పని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అనేవారు. అది కలవలేదు కానీ, పోయాక కూడా తన జాగా ఖాళీ చేయలేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన ప్రతి మనిషిలోనూ ఆ వైరస్ నరాల మొదళ్ళలో దాక్కుని ఉంటుందట. వయసు మీద పడ్డాక కొందరిలో ఎప్పుడో నిద్ర లేచి ఒక నరం వెంట చర్మం మీదికి వస్తుంది. ఆ నరం దెబ్బతింటే పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉంటుంది. నాకు అదే జరిగింది.

నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ మాత్రలు వేసుకున్నాను. మోతాదు పెంచినకొద్దీ నొప్పి కొంత తగ్గింది, బుర్ర అంతకంటే ఎక్కువ మొద్దుబారింది. ఆఫీసు మీటింగులో ఎదుటివాడు వాక్యం పూర్తిచేసేసరికి మొదలు మరిచిపోయేవాణ్ణి. చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ పట్టీలు పగలు పనికొచ్చాయి. రోజులో పన్నెండు గంటలకు మించి ఉంచకూడదు కాబట్టి రాత్రికి మళ్ళీ మొదటికొచ్చేది. నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్ మాత్రలు నేనూ వద్దన్నాను, మా డాక్టరుగారూ వద్దన్నారు. ఆ మాటల మధ్యలోనే ఆవిడ, ‘మెడికల్ మారిజువానా గురించి ఎప్పుడైనా ఆలోచించారా?’ అని అడిగారు. మందుగా వాడే గంజాయి అన్నమాట. 2017లో శాస్త్ర విషయాల్లో సలహా ఇచ్చే అమెరికా నేషనల్ అకాడెమీస్ వేసిన నిపుణుల సంఘం, పెద్దవాళ్ళలో దీర్ఘకాలిక నొప్పికి గంజాయి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయని తేల్చిందని చెప్పారు. అయితే తాను సంతకం పెట్టలేనన్నారు. ఈ రాష్ట్రంలో ధ్రువీకరణ ఇవ్వాలంటే వైద్యులు నాలుగు గంటల శిక్షణ తీసుకుని ఆరోగ్య శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆవిడ చేసుకోలేదు. జాబితాలో ఉన్న వేరే డాక్టరును చూసుకొమ్మన్నారు.

ఇది నాకు మొదట వింతగా తోచింది. నా ఒంటి సంగతి పదేళ్ళుగా తెలిసిన డాక్టరు సంతకం పెట్టలేరు. నన్ను ఎన్నడూ చూడని డాక్టరు పెడతారు. మొత్తం వ్యవహారం ఇలాగే ఉంటుందని తరవాత అర్థమైంది.

పెన్సిల్వేనియాలో వైద్య గంజాయి చట్టం 2016 ఏప్రిల్ 17న అప్పటి గవర్నర్ టామ్ వోల్ఫ్ సంతకంతో వచ్చింది. దుకాణాలు తెరుచుకున్నది 2018 ఫిబ్రవరిలో. పక్కనున్న న్యూజెర్సీలో 2022 నుంచి ఇరవై ఒకటి దాటిన ఎవరైనా గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. మా దగ్గర అలా కాదు. జాబితాలో ఉన్న జబ్బు ఏదో ఒకటి ఉండాలి, ఉందని డాక్టరు ధ్రువీకరించాలి, కార్డు ఉండాలి. క్యాన్సర్, మూర్ఛ, పార్కిన్సన్స్, నరాల జబ్బులు, తగ్గని తీవ్రమైన నొప్పి లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 2019లో ఆందోళన రుగ్మతలను కూడా చేర్చారు. నాది నరాల నొప్పి కాబట్టి అర్హత గురించి పేచీ లేదు. న్యూజెర్సీకి వెళ్ళి కొని తెచ్చుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. రాష్ట్ర సరిహద్దు దాటించడం ఫెడరల్ నేరం, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం ప్రకారం నేరం. రెండు రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైన వస్తువే మధ్యలో వంతెన మీద నేరమవుతుంది!

డాక్టరు మందు ‘రాయరు’, ‘ధ్రువీకరిస్తారు’ అనే తేడా కూడా అక్కడి నుంచే వచ్చింది. నేను కార్డు తీసుకునేనాటికి ఫెడరల్ చట్టంలో గంజాయి, హెరాయిన్‌తో పాటు ఒకటో షెడ్యూలులో, అంటే అన్నిటికంటే కఠినంగా నిషేధించిన మత్తుపదార్థాల పట్టికలో, ఉంది. అందులో ఉన్నదానికి ఏ డాక్టరూ మందుల చీటీ రాయకూడదు. అయితే రోగికి అది మేలు చేస్తుందని చెప్పే స్వేచ్ఛ డాక్టరుకు ఉందని, అందుకు లైసెన్సు రద్దు చేయడం కుదరదని 2002లో కాలిఫోర్నియా కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. వేరే వేరే రాష్ట్రాల వ్యవస్థలన్నీ ఆ సందులోంచే నడుస్తున్నాయి. డాక్టరు చేసేదల్లా, ఫలానా మనిషికి ఫలానా జబ్బు ఉందని రాష్ట్రానికి తెలియజేయడం. ఎంత వాడాలో, ఏది వాడాలో చీటీ ఉండదు.

దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చోబోతుంటే మా ఆవిడ, ‘ఏమండీ, నా పౌరసత్వం దరఖాస్తుకు దీనివల్ల ఏమీ కాదు కదా?’ అంది. నేను అమెరికా పౌరుణ్ణి. తను గ్రీన్‌కార్డు మీదే ఉండి, ఏళ్ళుగా వాయిదా వేసి వేసి ఆ ఏడాదే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది. ఆ ప్రశ్న తను అడక్కపోతే నాకు తట్టేది కాదేమో. మర్నాడే మా ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫోన్ చేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన అరగంట అదే. అందుకే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

లాయరు చెప్పింది ఇదీ. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ, వలస సేవల సంస్థ తన విధాన పత్రంలో ఒక స్పష్టీకరణ చేర్చింది. గంజాయికి సంబంధించిన పనులు రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాకపోయినా, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కాబట్టి, పౌరసత్వం కోరేవారి ‘సత్ప్రవర్తన’కు అవి అడ్డు రావచ్చు. అందులో కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా లెక్కే. అరెస్టు కానక్కరలేదు, శిక్ష పడనక్కరలేదు. ఇంటర్వ్యూలో అధికారి అడిగినప్పుడు ‘అవును, వాడాను’ అని ఒప్పుకున్నా చాలు. అబద్ధం చెబితే అది ఇంకా పెద్ద నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇండియా వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో అడిగినా ఇదే చిక్కు. హెచ్1బి మీద ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్రం ఇచ్చిన కార్డు వీటిలో దేనికీ కవచం కాదు.

మా ఆవిడ విషయంలో ఆయన ఇంకొక మాట అన్నారు. రోగి తరఫున దుకాణానికి వెళ్ళి మందు తెచ్చే ‘సంరక్షకుడు’ అనే వెసులుబాటు పెన్సిల్వేనియా చట్టంలో ఉంది. దానికీ నమోదు, కార్డు ఉంటాయి. నేను మంచాన పడితే తనను పెడదామని నా ఆలోచన. ‘ఆ పని మాత్రం చేయకండి’ అన్నారు లాయరు. తను కొనకూడదు, తేకూడదు, తన చేతి కింద ఉంచుకోకూడదు. కాబట్టి సీసా నా బల్ల సొరుగులో, తాళం నా దగ్గర. ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఇంట్లో తాళం పడ్డ మొదటి సొరుగు అదే.

ఇక నమోదు. ఆరోగ్య శాఖ రోగుల రిజిస్ట్రీలో మనమే ఖాతా తెరవాలి. పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్సు గానీ రాష్ట్ర గుర్తింపు కార్డు గానీ తప్పనిసరి. అందులో పేరూ చిరునామా ఎలా ఉంటే ఇక్కడా అచ్చం అలాగే ఉండాలి. కార్డు టపాలో ఆ చిరునామాకే వస్తుంది. ఇల్లు మారి లైసెన్సులో చిరునామా మార్చుకోనివాళ్ళు ముందు ఆ పని చూసుకోవాలి. నాకు చిరునామా ఇబ్బంది లేదు గానీ పేరుతో వచ్చింది. తెలుగువాళ్ళ పేర్లు అమెరికా కాగితాల్లో ఎన్ని ముక్కలవుతాయో తెలిసిందే కదా. లైసెన్సులో నా పేరు నాలుగు ముక్కలూ ఉంది. మా డాక్టరు ఆఫీసు రికార్డులో మొదటి ముక్క, ఇంటిపేరు మాత్రమే ఉన్నాయి. ధ్రువీకరించే డాక్టరు క్లినిక్కువాళ్ళు, ఈ రికార్డులు మీవేనని ఎలా నమ్మాలి అన్నారు. పుట్టిన తేదీ, పాత బీమా కార్డు పంపితే ఒప్పుకున్నారు. మన పేర్లున్నవాళ్ళు ముందే రికార్డులో పేరు సరిచేయించుకుంటే మంచిది.

నమోదు పూర్తయ్యాక రోగి గుర్తింపు సంఖ్య ఒకటి వస్తుంది. దానితో ఆరోగ్య శాఖ ఆమోదించిన డాక్టర్ల జాబితాలోంచి ఒకరిని ఎంచుకోవాలి. నా డాక్టరు వీడియోలోనే చూస్తానన్నారు. కరోనా రోజుల్లో తాత్కాలికంగా ఇచ్చిన ఆ అనుమతిని 2021లో చట్టసవరణతో శాశ్వతం చేశారు. ఫీజు 150 డాలర్లు. బీమా ఒక్క పైసా ఇవ్వదు.

చూడటమంటే ఎంతో ఉంటుందనుకుని, గాబాపెంటిన్ ఎప్పుడు ఎంత వేసుకున్నదీ, దానివల్ల ఏమైందీ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. ఆయన మర్యాదస్తుడే. రికార్డులు ముందే చదివారు. రాష్ట్రంలో నా పేరు మీద ఇంతకుముందు మత్తుమందుల చీటీలు ఏమైనా ఉన్నాయేమో చూశానన్నారు. అలా చూడటం చట్టం ప్రకారం ఆయన విధి. గుండె జబ్బు ఉందా, ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా లాంటి మానసిక వ్యాధి ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగారు. చొక్కా ఎత్తి మచ్చలు చూపించబోతే, అక్కరలేదన్నట్టు చెయ్యి ఊపారు. కాఫీ చల్లారకముందే ధ్రువీకరణ అయిపోయింది. మోతాదు మాటేమిటని అడిగితే, తక్కువతో మొదలుపెట్టండి, నెమ్మదిగా పెంచండి, మిగతాది డిస్పెన్సరీలో, అంటే గంజాయి అమ్మే దుకాణంలో, ఫార్మసిస్టు చెబుతారు అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను. చట్టం ఆయన్ను అడిగింది నాకు జబ్బు ఉందా అని, నాకు వైద్యం చేయమని కాదు. కానీ 150 డాలర్లు పోసి డాక్టరును చూసినవాడికి వైద్యం అందిందన్న భావన రాలేదన్నది కూడా నిజం.

ఆ తరవాత రాష్ట్రానికి 50 డాలర్లు కట్టాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ వైద్య బీమా లాంటి పథకాల్లో ఉన్నవాళ్ళకు తగ్గింపు ఉంది. వారం పది రోజులకు కార్డు వచ్చింది.

ఈలోగా గుంటూరు నుంచి మా అక్క ఫోన్. మా ఆవిడ నోరు జారింది. ‘ఏరా, పేపరు తిప్పితే రోజూ గంజాయి పట్టివేత వార్తలే. చదువుకున్నవాడివి, నీకేం ఖర్మరా?’ అంది. తన తప్పు కాదు. మన దగ్గర ఆ మాట వింటే గుర్తొచ్చేది సీలేరు నుంచి వచ్చే లారీలు, ఘాట్ రోడ్డులో పోలీసుల తనిఖీలు, లేకపోతే చిలుం పట్టిన బైరాగులు. డాక్టరు ముఖం గుర్తురాదు. నిజానికి దీన్ని మందుగా పరీక్షించి పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేసిన పని మన దేశంలోనే జరిగింది. 1839లో కలకత్తా వైద్య కళాశాలలో ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు ధనుర్వాతం, కీళ్ళ నొప్పులు ఉన్నవారికి ఇచ్చి చూసి ఫలితాలు ప్రకటించాడు. ఇది అక్కకు చెప్పాను. ‘ఆయన పోయాడుగా’ అంది.

డిస్పెన్సరీ ఒక బజారు వరసలో, మంగలి దుకాణానికీ పిజ్జా కొట్టుకూ మధ్యన ఉంది. బయట బోర్డు చూస్తే పళ్ళ డాక్టరు ఆఫీసేమో అనిపిస్తుంది. గుమ్మంలో కాపలాదారు కార్డూ లైసెన్సూ రెండూ చూసి లోపలికి వదిలాడు. కార్డు లేనివాళ్ళకు ప్రవేశం లేదు కాబట్టి మా ఆవిడ కారులోనే కూర్చుంది. లాయరు మాట తనకు నాకంటే బాగా గుర్తుంది. లోపల నేననుకున్న కుర్రకారు లేరు. వాకర్ పట్టుకున్న ముసలావిడ, తలకు గుడ్డ కట్టుకున్న నడివయసు మనిషి, పని దుస్తుల్లో వచ్చిన మేస్త్రీ ఒకడు. అందరమూ మోకాళ్ళ మీద కార్డులు పెట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తున్నాం.

మొదటిసారి వచ్చినవాళ్ళతో ఫార్మసిస్టు పక్కగదిలో మాట్లాడతారు, దానికి రుసుము లేదు. ఆ అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. కానీ డాక్టరు దగ్గర దొరకనిది ఇక్కడ దొరికింది. నేను రాసుకున్న కాగితం అడిగి తీసుకుని చదివింది. నొప్పి ఏ వేళ ఎక్కువ, నిద్ర పట్టకపోవడమా, పట్టి మెలకువ రావడమా అని విడదీసి అడిగింది. గాబాపెంటిన్‌తో కలిస్తే మగత పెరుగుతుంది కాబట్టి మొదటి వారం దాని మోతాదు కదపవద్దు, బాత్రూముకు లేచేటప్పుడు గోడ పట్టుకోండి అంది. ఆవిరిగా పీలిస్తే నిమిషాల్లో పనిచేసి తొందరగా దిగిపోతుంది. మాత్ర మింగితే ఒక గంట, రెండు గంటలు పడుతుంది గానీ రాత్రంతా ఉంటుంది. నాలుక కింద వేసుకునే చుక్కలు ఈ రెంటికీ మధ్యస్థం. ఈ రాష్ట్రంలో ఆకును ఆవిరి పట్టవచ్చు గానీ చుట్టలా కాల్చడం చట్టవిరుద్ధం. బిస్కెట్లు, చాక్లెట్లు అమ్మరు. నాకు చుక్కలే నయమని తేల్చాం.

సీసా 30 మిల్లీలీటర్లు. అందులో టిహెచ్‌సి 300 మిల్లీగ్రాములు, సిబిడి 300. మత్తు తెచ్చేది మొదటిది. రెండోది మత్తు ఇవ్వదు. అంటే మిల్లీలీటరుకు చెరి పది. మొదలుపెట్టాల్సింది రెండున్నర మిల్లీగ్రాములతో కాబట్టి డ్రాపర్ మీద పావు గీత దాకా. ఈ లెక్క ఆ అమ్మాయి కాగితం మీద వేసి చూపించి, నా చేత ఇంకోసారి వేయించింది. అందరూ ఇలా వేయిస్తారో లేదో తెలియదు గానీ, ఎవరు వెళ్ళినా అడిగి వేయించుకోవాలి. ఎందుకంటే సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మొత్తం మిల్లీగ్రాములే.

కౌంటరు దగ్గర క్రెడిట్ కార్డు చెల్లదు. ఫెడరల్ చట్టం భయానికి కార్డు కంపెనీలు దీన్ని ముట్టుకోవు. నగదో డెబిట్టో ఇవ్వాలి. అయింది 60 డాలర్లు. వెనక గోడ మీద తెరలో ఆకు రకాల పేర్లు నడుస్తున్నాయి: ‘బ్లూ డ్రీమ్’, ‘గ్రాండ్‌డాడీ పర్పుల్’... మన ఏజెన్సీలో మొక్కకు ‘శీలావతి’ అని పేరు పెట్టిన మహానుభావులకు వీళ్ళేమీ తీసిపోరు.

ఇంటికొచ్చాక సీసా మూత తీయడానికి తంటాలు పడ్డాను. పిల్లలు తీయలేకుండా చేసిన మూత ముసలి వేళ్ళకూ లొంగదు. నొక్కి తిప్పాలి. రుచి పచ్చి గడ్డిని నూనెలో నానబెట్టినట్టు చేదుగా ఉంది. నాలుక కింద ఉంచి నిమిషం పాటు మింగకుండా ఆగాలి. మొదటి రాత్రి ఏమీ తెలియలేదు. పెంచాలని చెయ్యి లాగినా ఫార్మసిస్టు చెప్పినట్టు కొన్నాళ్ళు అక్కడే ఆగి, తరవాత అర గీతకు వెళ్ళాను. అక్కడ కుదిరింది. నొప్పి మాయం కాలేదు. ఉంది, కానీ నా దృష్టంతా లాక్కోవడం మానేసింది. కుడివైపు తిరిగి పడుకోగలుగుతున్నాను. గాబాపెంటిన్ మా డాక్టరు సలహాతో మెల్లగా సగానికి తగ్గించాను, మీటింగుల్లో వాక్యాలు మళ్ళీ చివరి దాకా గుర్తుంటున్నాయి. ఉదయం కాస్త నోరు ఎండుతుంది. అంతే.

ఎవరూ ముందుగా చెప్పని మూల్యం ఒకటి ఉంది. పెన్సిల్వేనియా వాహన చట్టంలో, ఒకటో షెడ్యూలు పదార్థం ఆనవాలు రక్తంలో ఏమాత్రం ఉన్నా బండి నడపడం నేరం. మత్తులో ఉన్నారా లేదా అన్నది ప్రశ్నే కాదు. నేను కార్డు తీసుకున్న 2023 నాటికి వైద్య కార్డు ఉన్నవాళ్ళకు అందులో మినహాయింపు లేదు. రోజూ వాడేవాళ్ళ ఒంట్లో ఆ ఆనవాలు రోజుల తరబడి ఉంటుంది. మందు వాడమని కార్డు ఇచ్చే రాష్ట్రమే, వాడినవాడు మర్నాడు పాలకు వెళ్ళినా నేరస్థుణ్ణి చేయగలదు. ఇంతకంటే అడ్డగోలు సంగతి నాకు ఈ దేశంలో కనబడలేదు. నేను ఎక్కువగా ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి సర్దుకున్నాను. ఫిలడెల్ఫియా వెళ్ళాలంటే ఎక్స్‌టన్ స్టేషనులో సెప్టా రైలు ఎక్కుతాను, మిగతా చోట్లకు మా ఆవిడ తిప్పుతుంది. రోజూ కారులో ఉద్యోగానికి వెళ్ళే మనిషి ఏం చేయాలో నాకు తెలియదు.

ఆ మధ్య గుడిలో భోజనాల దగ్గర ఒక కుర్రాడు పక్కకు పిలిచి, ‘అంకుల్, నాకు నడుము నొప్పి, ఆ డాక్టరు నంబరు ఇస్తారా?’ అని అడిగాడు. ఏ వీసా మీద ఉన్నావు బాబూ అన్నాను. హెచ్1బి అన్నాడు, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాడట. డాక్టరు నంబరు కాకుండా లాయరు నంబరు ఇచ్చాను. కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించాడు.

కార్డు ఏడాదికొకసారి పునరుద్ధరించుకోవాలి. మళ్ళీ డాక్టరు ఫీజు, మళ్ళీ రాష్ట్రానికి 50. నేను చేయించుకున్నాను. ఈ శీతాకాలం మేనకోడలి పెళ్ళికి గుంటూరు వెళుతున్నాం. సీసా సొరుగులోనే ఉంటుంది. ఇండియాలో మత్తుపదార్థాలను నిషేధించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, దారిలో మారే గల్ఫ్ విమానాశ్రయాల్లో అంతకంటే కఠినమైన చట్టాలున్నాయి, పెన్సిల్వేనియా కార్డు వాళ్ళకు చూపించి లాభం లేదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ గాబాపెంటిన్ మళ్ళీ పెంచుకోవడానికి మా డాక్టరు చీటీ రాసిచ్చారు. లిడోకైన్ పట్టీల పెట్టె మా ఆవిడ ఇప్పటికే సూటుకేసులో సర్దింది.